తప్పుని ఓర్చుకునే ఐరన్‌లు

టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో నేను పనిచేసిన గోల్ఫ్ షాపులో నా బెంచి దగ్గర ఇప్పుడు హారిక అనే అమ్మాయి పనిచేస్తోంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఆఫీసులో స్క్రీన్ ముందు కూర్చోవడం ఇష్టంలేక క్లబ్ ఫిటింగ్‌లోకి వచ్చింది. వాళ్ళమ్మానాన్నలకి అది ఇంకా మింగుడుపడలేదు. ఆమధ్య ఒకరోజు ఫోన్ చేసి, "అంకుల్, కావిటీ బ్యాక్ ఎవరికి ఇవ్వొద్దు?" అని అడిగింది. ఎవరికి ఇవ్వాలని అందరూ అడుగుతారు. ఎవరికి ఇవ్వకూడదని నన్నడిగింది ఈ పిల్ల ఒక్కతే. ఫోన్‌లో జవాబు చెప్పబోయాను, మాట కుదరలేదు. అందుకని కూర్చుని రాస్తున్నాను. హారికతోపాటు ఈ పనిలోకి వచ్చే మిగతావాళ్ళు కూడా చదువుకోవచ్చు.

గోల్ఫ్ తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. గోల్ఫ్ సంచిలో ఇనుప తలలున్న క్లబ్బులు కొన్ని ఉంటాయి. వాటినే ఐరన్‌లంటారు. వాటిలో రెండు జాతులు. ఒకటి బ్లేడ్. వెనకవైపు చదునుగా, గట్టిగా, చూడటానికి నాజూగ్గా ఉంటుంది. బంతి సరిగ్గా మధ్యలో తగిలితే చేతికి ఏమీ తగలనట్టే ఉంటుంది, అంత హాయి. బొటనవేలి మందం పక్కకి తగిలిందా, మోచేతి దాకా జుమ్మంటుంది, బంతి ఎటో పోతుంది. రెండోది కావిటీ బ్యాక్. వెనక భాగాన్ని కంచంలా లోపలికి తొలిచి, ఆ బరువునంతా అంచులకి సర్దుతారు. మధ్యలో తగలకపోయినా తల అంతగా మెలితిరగదు, బంతి దాదాపు అనుకున్న చోటికే వెళ్తుంది. మనం చేసిన తప్పుని అది ఓర్చుకుంటుంది. చేతికి కూడా పెద్దగా చెప్పదు.

ఎవరికి ఏది సరిపోతుందో చూసి, పొడుగు, వంపు, పట్టు సరిచేసి ఇవ్వడమే నా పని. ఎప్పుడు చేరాను, ఏ హోదాలో రిటైరయ్యాను అన్నవి ఎవరికీ ఉపయోగపడవు కాబట్టి వదిలేస్తున్నాను.

వాల్ట్ దగ్గర నేర్చుకున్నది, నేర్చుకోనిది

షాపు యజమాని వాల్ట్ అనే టెక్సాస్ ఆయన. చమురు బావుల సామాను అమ్మి, అలసిపోయి, హైవే పక్కన ఈ షాపూ దాని వెనక బంతులు కొట్టి చూసుకునే ప్రాక్టీసు రేంజూ పెట్టుకున్నాడు. రేంజ్ మీదుగా విమానాలు దిగుతూ ఉంటాయి. విమానం వచ్చినప్పుడల్లా వాల్ట్ మాట మధ్యలో ఆపి, అది వెళ్ళిపోయాక అక్కణ్ణుంచే అందుకునేవాడు. కొత్తలో అది నాకు కోపమనిపించేది. తర్వాత నాకూ అదే అలవాటైంది. ఇప్పటికీ ఇంట్లో మాట్లాడుతూ ఆగిపోతుంటే మా ఆవిడ పద్మ నవ్వుతుంది.

చేరిన వారంలోనే ఒక మంచి సంగతి నేర్పాడు. "మనిషి తన ఆట గురించి చెప్పేదంతా విను. నవ్వుతూ విను. తర్వాత అతని పాత ఏడో నంబరు ఐరన్ అడిగి తీసుకుని, ముఖం తిప్పి చూడు." ఏళ్ళ తరబడి బంతి తగిలిన చోట ఐరన్ ముఖం అరిగి మెరుస్తుంది. ఆ మెరుపు ఎంత మేర ఉందో, ఎక్కడ ఉందో చూస్తే ఆట తెలిసిపోతుంది. ఆ తర్వాత ఇంపాక్ట్ టేప్ అతికించాలి. అదొక పల్చటి స్టికర్. బంతి తగిలిన ప్రతిసారీ దానిమీద ఒక మచ్చ పడుతుంది. స్వింగ్‌లో, అంటే క్లబ్ తిప్పి కొట్టే తీరులో, లోపం ఉన్నవాడి మచ్చలు ఒకేచోట గుమిగూడతాయి. కొందరివి ఐరన్ ముఖం చివరన, కొందరివి మడమ దగ్గర, అంటే కర్ర వచ్చి తలకి అతికే వైపు. రోజూ ఒకే తప్పు చేసేవాడిది తేలికైన కేసు. వంపు మార్చో పొడుగు మార్చో సర్దేయొచ్చు.

నేర్చుకోనిది ఇంకొకటుంది. ఐరన్ నంబరు తగ్గేకొద్దీ ముఖం నిటారుగా ఉండి, బంతి ఎక్కువ దూరం వెళ్తుంది. ఓర్చుకునే ఐరన్‌లలో ఏడో నంబరు అని ముద్ర వేసినదాని ముఖం, నిజానికి పాతకాలపు ఆరో నంబరంత నిటారుగా ఉంటుంది, ఒక్కోసారి ఐదో నంబరంత. కాబట్టి బంతి దూరం వెళ్తుంది. వాల్ట్ కస్టమర్ పాత ఏడునీ కొత్త ఏడునీ పక్కపక్కన పెట్టి కొట్టించి, బంతిని కొలిచే స్క్రీన్ మీద దూరం చూపించేవాడు. కస్టమర్ కళ్ళు పెద్దవయ్యేవి, కార్డు జేబులోంచి బయటికొచ్చేది. "నంబరు మారిందని చెప్పాలి కదా" అంటే, "సంతోషంగా వెళ్తున్నాడు, నీకేం బాధ?" అనేవాడు. నాలుగు నెలలకి అదే మనిషి దగ్గరి దూరాలు కొట్టడానికి క్లబ్ లేదని తిరిగొచ్చేవాడు. వాల్ట్ మంచివాడే. మంచివాడు కూడా దుకాణదారుడే అని గుర్తుపెట్టుకోండి. కస్టమర్‌కి ముఖం వాలు ఎంతో మీరు చెప్పండి. అమ్మకం పోతే పోయింది.

ఎనిమిది సెట్లు

మనవాళ్ళు చేసే తప్పు ఒకటుంది, ఇంకెవరూ చేయగా నేను చూడలేదు. గ్రూప్ ఆర్డర్. వేసవిలో మామిడిపళ్ళ పెట్టెలు ఎలా తెప్పించుకుంటారో ఐరన్‌లు కూడా అలాగే తెప్పించుకుంటారు.

షాపుకి దగ్గర్లో లాస్ కొలీనస్‌లో ఒకే ప్రాజెక్టులో పనిచేసే కుర్రాళ్ళు కొందరు గోల్ఫ్ మొదలుపెట్టారు. వాళ్ళకి పెద్దదిక్కు కిరణ్ అని, కరీంనగర్ అబ్బాయి. ఒక శనివారం మధ్యాహ్నం షాపుకొచ్చి సంచి బెంచి మీద పెట్టాడు.

"అంకుల్, గ్రిప్‌లు జర మార్చాలె. చేతులు మండుతున్నయ్."

గ్రిప్‌లు కొత్తవే. సెట్టే కొత్తది. ఒకటి బయటికి తీసి తిప్పి చూస్తే బ్లేడ్.

"ఇవి ఎవరు తీసుకోమన్నారు నాయనా?"

"ఎవ్వరు చెప్పలే అంకుల్. డాక్టర్ అంకుల్ గివే ఆడ్తడు గద. గ్రూప్‌ల పెట్టిన, ఎనిమిది మందిమి అయినం. మంచి డిస్కౌంట్ ఇచ్చిన్రు."

"ఎనిమిది మందికీ ఒకటే పొడుగా? మీ వంశీ నీ భుజం దాకా కూడా రాడే."

"అన్ని ఒక్క తీరు తీస్కుంటెనే డిస్కౌంట్ అంకుల్."

కావిటీ బ్యాక్ పెట్టె చూపించాను. దానిమీద 'గేమ్ ఇంప్రూవ్‌మెంట్' అని రాసి ఉంటుంది. కిరణ్ అది చదివి పెట్టె వెనక్కి తోశాడు. "గీ పేరేంది, ట్యూషన్ సెంటర్ లెక్క. క్లయింట్ మేనేజర్ ముంగట ఇది బయటికి తీస్తే నాకు ఇజ్జత్ ఏముంటది?"

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. చిన్నప్పటినుంచీ ర్యాంకుల మధ్య పెరిగిన పిల్లలు. తక్కువ సెక్షన్‌లో వేశారన్నట్టు బాధపడతారు. ఇలాంటివాళ్ళతో వాదించకండి. టేప్ అతికించి కొట్టించండి. నేను అదే చేశాను. నెల తిరక్కుండా ఎనిమిదిమందిలో ఏడుగురు మార్చుకున్నారు, వంశీకి పొడుగు కూడా తగ్గించాను. వాళ్ళు శనివారాలు నవ్వుకుంటూ ఆడటం నేను చూశాను. వారమంతా ఆఫీసులో మాటలు పడేవాళ్ళు, శనివారం కూడా ఇనుముచేత తిట్లు తినాలా? ఆడేవాళ్ళలో చాలామందికి ఓర్చుకునే ఐరన్‌లే సరైనవని నా అభిప్రాయం. అందులో చిన్నతనం ఏమీ లేదు.

కుర్రాళ్ళు చూసి మోజుపడిన ఆ డాక్టర్ అంకుల్ పేరు డేనియల్. పళ్ళ డాక్టరు. నర్సాపురం ప్రాంతం వారు. ఇక్కడి తెలుగు చర్చిలో పెద్ద. పాస్టర్ ఊళ్ళో లేని ఆదివారాల్లో ఆయనే వాక్యం చెప్పేవారు. మా చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఆయనంత బాగా ఆడేవారు లేరు. ఆయన ఏడో నంబరు ఐరన్ ముఖం మీద అరుగుదల చొక్కా గుండీ అంత ఉండేది, సరిగ్గా మధ్యలో. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి అది తీసి చూపించేవాణ్ణి. నా పళ్ళూ, పద్మ పళ్ళూ ఆయన చేతిమీదే నడిచాయి. ఒకసారి నేను వేరుశెనక్కాయలు నమలడం చూసి, ఎడమవైపు దవడపన్ను చీలిందని చెప్పారు. నిజంగానే చీలింది.

కుర్రాళ్ళు క్లబ్బులు మార్చిన సంగతి తెలిసి ఆయన రేంజ్ దగ్గర నన్ను ఆపారు. "ఏంటి సుధాకర్ గారూ, పిల్లల్ని పాడుచేస్తున్నారంట?"

"సుఖపెడుతున్నానండీ."

"దెబ్బ ఎక్కడ తగిలిందో చేతికి తెలియాలండి. తెలియకపోతే మనిషెలా బాగుపడతాడు?" అని నవ్వుతూ బంతుల బుట్ట తీసుకుని వెళ్ళారు. ఆ మాటలో నిజముంది. ఆయన చేతులకి ఆ మాట చెప్పే హక్కుంది అనుకున్నాను.

టేప్ మీద మచ్చలు

కొన్నేళ్ళ తర్వాత, వసంతకాలంలో ఒక బుధవారం మధ్యాహ్నం డాక్టర్ గారు ఒక్కరే వచ్చారు. బుధవారం ఆయన క్లినిక్ ఉండే రోజు.

"ఐరన్‌లు మార్చాలండి," అన్నారు. "కావిటీ బ్యాక్ చూపించండి."

వేళాకోళం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"వయసొచ్చింది కదండీ. బ్లేడ్లు మాట వినడంలేదు."

అలవాటు ప్రకారం ముందు ఆయన పాత ఏడో నంబరుకి టేప్ అతికించి కొట్టమన్నాను. స్వింగ్ చూస్తే ఎప్పటిలాగే ఉంది. అంత అందమైన స్వింగ్ మా రేంజ్‌లో ఇంకోటి లేదు. బంతులు మాత్రం ఎటుబడితే అటు వెళ్తున్నాయి. టేప్ తీసి చూశాను. మచ్చలు పైనా, కిందా, చివరనా, మడమ దగ్గరా, అంతటా ఉన్నాయి. టేప్ బాలేదనుకుని ఇంకోటి అతికించాను. అదీ అంతే.

తర్వాత కావిటీ బ్యాక్ ఇచ్చాను. దానికీ టేప్ ఉంది. బంతులు ఒకదాని వెంట ఒకటి జెండా వైపు వెళ్ళాయి. స్క్రీన్ మీద అంకెలు చక్కగా ఉన్నాయి. ఆయన ముఖం చూస్తుండగానే తేటపడింది. భుజాలు కిందికి దిగాయి.

"చూశారా, క్లబ్బులదే లోపం. ఎన్నేళ్ళనాటివో కదా. ప్యాక్ చేసేయండి, తీసుకెళ్తాను."

నేను క్లబ్ తీసుకుని బెంచి దగ్గరికి వచ్చాను. టేప్ ఊడదీశాను. మచ్చలు అలాగే చెల్లాచెదురుగా ఉన్నాయి. స్క్రీన్‌కి అది తెలియదు. ఆయన చేతికీ తెలియలేదు. నా ఒక్కడికే తెలుసు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. వయసు మీదపడ్డవారి మచ్చలు కూడా ఒకచోటే గుమిగూడతాయి, కాకపోతే ఆ చోటు కాస్త జరుగుతుంది. స్వింగ్ అంత బాగుండి, మచ్చలు అంతటా పడటం నేనెప్పుడూ చూడలేదు. లోపం స్వింగ్‌లో లేదు, క్లబ్‌లో లేదు. అంటే మనిషిలో ఉంది. కళ్ళేమో అనుకున్నాను. అనుకుంటూనే ఆ చేతుల వైపు చూశాను. ఆ చేతులు రోజూ మనుషుల నోళ్ళలో పదునైన పనిముట్లు పెట్టి పనిచేస్తాయి. వచ్చే వారం పద్మకి ఇంప్లాంట్ వేయాల్సింది కూడా ఆ చేతులే. నేను నోరు మూసుకుని పెట్టె కట్టి ఇస్తే ఆయన హాయిగా ఇంటికి వెళ్తారు, రేపు మళ్ళీ క్లినిక్‌కి వెళ్తారు. నాకు భయం వేసింది. అది నా పనేనా అనే సందేహం కూడా అంతే గట్టిగా ఉంది.

"డాక్టర్ గారూ, ఈమధ్య కళ్ళు చూపించుకున్నారా?" అన్నాను.

"ఎందుకండీ?"

టేపులు మూడూ బెంచి మీద పక్కపక్కన పెట్టాను. ఆయన వంగి చూశారు. ఎక్స్‌రే చూసినట్టు, తొందర లేకుండా చూశారు. ఒక విమానం దిగిపోయింది, ఇంకోటి కూడా దిగింది.

"కళ్ళు బాగానే ఉన్నాయండి," అన్నారు. "చూపించుకున్నాను."

స్టూల్ మీద కూర్చున్నారు. తర్వాత నన్ను చూడకుండా మాట్లాడారు.

"క్లినిక్‌లో డ్రిల్ మార్చానండి. పట్టు కుదరట్లేదని. కొత్తది తెప్పించాను, అదీ నచ్చలేదు. లైటు మార్చాను. నేను కూర్చునే స్టూల్ మార్చాను. మా ఆవిడ, ఏంటీ కొనుగోళ్ళు, ఇంకో క్లినిక్ పెడుతున్నారా అంది."

నేను ఇంకో స్టూల్ లాక్కుని కూర్చున్నాను.

"పోయిన నెల ఒకావిడకి చిగురు తెగింది. చిన్నదే. కుట్టేశాను. మీరు కదిలారమ్మా, అన్నాను. ఆవిడ నాకే సారీ చెప్పింది." తలెత్తి, "ఆవిడ కదల్లేదు సుధాకర్ గారూ," అన్నారు.

టేపుల వైపు చూపిస్తూ మళ్ళీ ఆయనే అన్నారు.

"ఇక్కడ క్లబ్బులదే తప్పని తేలితే అక్కడ కూడా పనిముట్లదే అయ్యుంటుందని వచ్చానండి. మీరు తేల్చనివ్వలేదు."

"ఇవి తీసుకెళ్తే బాగానే ఆడతారు డాక్టర్ గారూ. కానీ చేతులకేమైందో మీకు ఇంక తెలియదు. అందుకే ఇవాళ ఇవి నేనివ్వలేను. ముందు ఎవరికైనా చూపించుకోండి."

ఆయనకి కోపం వచ్చింది. ఆయన కోపం చూడటం అదే మొదలు. "నన్ను డాక్టర్ దగ్గరికి వెళ్ళమంటున్నారా? ఇనుము అమ్మడానికి కదండీ మీరు కూర్చుంది?" అని సంచి భుజానికెత్తుకుని వెళ్ళిపోయారు. టేపులు బెంచి మీదే ఉన్నాయి. నేను వాటిని పారేయలేకపోయాను, ఉంచుకోలేకపోయాను. చివరికి పారేశాను.

వాల్ట్ కౌంటర్ వెనకనుంచి అంతా చూశాడు. భాష తెలియకపోయినా సంగతి అర్థమైంది. "కొనడానికి వచ్చిన మనిషికి అమ్మలేదు. పైగా భయపెట్టి పంపావు. మనం డాక్టర్లం కాదు," అన్నాడు.

వాల్ట్ చెప్పిందే సరైన సూత్రం. వచ్చిన ప్రతివాడిలో రోగం వెతికే ఫిటర్ అందరికీ బెడద. నేను కళ్ళని అనుకున్నాను, అది తప్పని తేలింది కూడా. కాబట్టి పేరు పెట్టకండి, అది మన పని కాదు. కానీ చేతిలో టేప్ ఉండి, అందులో కనిపించింది చూపించకుండా పెట్టె కట్టి ఇవ్వడం కూడా మన పని కాదు. చూపించండి, చూపించి ఊరుకోండి. అమ్మనని చెప్పడం దాకా వెళ్ళాలా అంటే నాకు ఇప్పటికీ తెలియదు. మళ్ళీ అదే రోజు వస్తే మళ్ళీ అలాగే చేస్తాను, అంతవరకు తెలుసు.

ఆ సాయంత్రం పద్మకి చెప్పాను. ఆమె వంటింట్లో పని ఆపి విన్నది.

"అయితే నా అపాయింట్‌మెంట్ కాన్సిల్ చేసుకోమంటావా?"

"చేసుకో."

"ఏమని చెప్పి? మీ చేతులు బాలేవంట అని చెప్పనా? రత్నకుమారి గారే కదా ఫోన్ ఎత్తేది."

రత్నకుమారి గారు డాక్టర్ గారి భార్య. క్లినిక్‌లో ముందు గదిలో కూర్చునేది ఆవిడే. చెప్పడానికి ఇద్దరం సాకులు వెతికాం. చివరికి పద్మ, "ఆయనకి చెప్పాల్సింది నువ్వు చెప్పావుగా. ఆయన్ని ఆలోచించుకోనీ. ఇంకా వారం ఉంది," అంది.

వారం దాకా ఆగనవసరం లేకపోయింది. శుక్రవారం పొద్దున డాక్టర్ గారే పద్మకి ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను.

"అమ్మా, మీ ఇంప్లాంట్ నేను వేయలేనమ్మా. ప్లేనోలో నాకు తెలిసిన డాక్టరున్నారు, మంచి చెయ్యి. ఆయనతో మాట్లాడి ఉంచాను."

"మీకు ఒంట్లో బాగోలేదా డాక్టర్ గారూ?"

"టెస్టులు చేస్తున్నారమ్మా. రిపోర్టులింకా రాలేదు. వచ్చేదాకా ఎవరి నోట్లోనూ చెయ్యి పెట్టకూడదనుకున్నాను."

రిసెప్షన్‌తో చెప్పించకుండా పేషెంట్లందరికీ ఆయనే ఇలా ఫోన్ చేశారని తర్వాత తెలిసింది. చిగురు తెగినావిడ ఇంటికి స్వయంగా వెళ్ళి, కదిలింది మీరు కాదని చెప్పి వచ్చారట. నా ఉద్యోగ జీవితంలో పనితనం ఉన్నవాళ్ళని చాలామందిని చూశాను. పనితనం పోతోందని తెలిసినప్పుడు ఇలా ప్రవర్తించినవారిని ఈయనొక్కరినే చూశాను.

మళ్ళీ ఆ ఐరన్‌లు

పార్కిన్సన్స్ అని తేలింది, మొదటి దశ. క్లినిక్‌ని ఒక చిన్న వయసు డాక్టర్‌కి అప్పగించేశారు. నేను రెండుసార్లు ఇంటికి వెళ్ళాను. కాఫీ ఇచ్చారు, మర్యాదగా మాట్లాడారు. కోపం లేదు, చనువూ లేదు.

చలికాలం వెళ్ళాక రత్నకుమారి గారు షాపుకి వచ్చారు. ఆవిడ షాపులోకి రావడం అదే మొదటిసారి. క్లబ్బుల వరసల మధ్య నిలబడి, ఎటు చూడాలో తెలియనట్టు ఉన్నారు.

"ఆయన బయటికి రావట్లేదు తమ్ముడూ. చర్చిక్కూడా రానంటున్నారు. గరాజ్‌లో కూర్చుని ఆ పాత క్లబ్బులు తుడుస్తుంటారు. అవతల పడేయమంటే పడేయరు, ఆడమంటే ఆడరు. ఆరోజు మీరు ఇవ్వనన్నారంటగా, అవున్నాయా?"

అవి ఏడాది కిందటి మోడల్. ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటాయనుకున్నాను. వాల్ట్ ఏమీ అనకుండా వెనక గదిలోకి వెళ్ళి, పెట్టె తీసుకొచ్చి బెంచి మీద పెట్టాడు. ఇన్నాళ్ళూ అమ్మకుండా ఆపి ఉంచాడు. నాతో ఒక్క మాట అనలేదు.

ఆ సెట్‌కి తేలికపాటి కర్రలు, అంటే షాఫ్ట్‌లు వేశాను. గ్రిప్‌లు లావువి వేశాను, గట్టిగా బిగించి పట్టుకోనవసరం లేకుండా. నేను ఇంతకంటే శ్రద్ధగా చేసిన సెట్ లేదు. హారికా, నీ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఇదే. ఒకరోజు ఇవ్వకూడని మనిషికే ఇంకోరోజు ఇవ్వాల్సి వస్తుంది. మొదటిరోజు ఆ చేతులమీద ఇంకొకరి నోరు ఆధారపడి ఉంది. రెండోరోజు ఆయన పొద్దుపోవడం తప్ప ఇంకేమీ లేదు. తప్పు ఎవరి మీద పడుతుందో చూసుకోవాలి, అంతే.

ఒక మంగళవారం ఉదయం ఆయన్ని కారులో ఎక్కించుకుని ఊరి గోల్ఫ్ కోర్సుకి తీసుకెళ్ళాను. దారిలో ఎక్కువ మాట్లాడలేదు. మొదటి హోల్స్ ఎలా ఆడారో చెప్పడం అనవసరం. చెయ్యి వణకడం ఇప్పుడు కంటికి కనిపిస్తోంది. నేలలో గుచ్చే చిన్న మేకు, టీ అంటారు, దానిమీద బంతిని నిలబెట్టడానికే చాలాసేపు పట్టేది. నేను సాయం చేయబోతే వద్దనేవారు.

మధ్యలో ఒక పొట్టి హోల్ ఉంది. ముందు నీళ్ళు, అవతల గుంటా జెండా ఉండే నున్నటి పచ్చిక, గ్రీన్. దక్షిణపు గాలి ఎదురుగా వీస్తోంది. ఆయన కొట్టారు. చప్పుడుని బట్టి నాకు తెలిసిపోయింది, ఐరన్ చివరన తగిలింది. బ్లేడ్ అయితే ఆ బంతి నీళ్ళు దాటేది కాదు. ఇది బద్ధకంగా లేచి, గాలికి కాస్త ఊగి, నీళ్ళు దాటి గ్రీన్ మీద పడింది. జెండాకి మరీ దూరం కూడా కాదు.

ఆయన కదల్లేదు. కుడిచేతి వైపు చూసుకున్నారు.

"ఎక్కడ తగిలిందో నాకు తెలియలేదండి."

"చివరన తగిలింది."

"అది నీళ్ళలో పడాల్సిన బంతి."

"పడలేదు కదండీ."

"అది నాది కాదు సుధాకర్ గారూ. నేను కొట్టిన దెబ్బకి అది అక్కడికి వెళ్ళదు." సంచి దగ్గరికి వెళ్ళి ఐరన్ లోపల పెట్టేశారు. "వెనకవాళ్ళని రమ్మనండి. మనం వెళ్ళిపోదాం."

వెనక నలుగురు వచ్చి ఆగి ఉన్నారు. వాళ్ళని కాస్త ఆగమని సైగ చేశాను. ఆయన వైపు తిరిగి, "ఇంకెవరు కొట్టారండీ దాన్ని? మీరే కదా," అన్నాను.

ఆయన బెంచీ మీద కూర్చున్నారు. నీళ్ళకి అవతల బంతి తెల్లగా కనిపిస్తోంది. దాన్ని చూస్తూనే మాట్లాడారు. గొంతు మామూలుగానే ఉంది, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

"ఇన్నేళ్ళు చర్చిలో నిలబడి కృప గురించి చెప్పానండి. మన అర్హత చూడకుండా వచ్చేదే కృప అని. అలా వచ్చినదాన్ని తీసుకోవడం ఇంత కష్టమని ఒక్క ఆదివారం కూడా చెప్పలేదు. నాకు తెలిస్తే కదా."

నేను ఆయన పక్కన కూర్చున్నాను. వెనక ఉన్న నలుగురిలో ఒకాయన తొందరేం లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

కాసేపటికి డాక్టర్ గారు లేచి, సంచిలోంచి పుటర్, బంతిని గుంటలోకి తోసే క్లబ్, తీసుకుని, నీళ్ళ పక్క దారిలో గ్రీన్ దాకా నడిచారు. బంతి ముందు వంగి, చేతులు కాస్త నిలకడపడేదాకా ఆగారు. మొదటిసారి తోస్తే పక్కనుంచి పోయింది. రెండోసారికి గుంటలో పడింది. నేను తీసి ఇస్తానన్నా వినకుండా, మోకాలు వంచి, వణికే చేత్తోనే ఆ బంతిని బయటికి తీసుకున్నారు. చొక్కాకి తుడిచి జేబులో వేసుకున్నారు.